చాచిన చేయి

1952వ సంవత్సరం ఏప్రిల్ 8వ తేదీ రాత్రి కెనడా దేశంలోని మాంట్రియల్ నగరంలో తీసిన ఛాయాచిత్రం ఒకటి ఉన్నది. అందులో ఇద్దరు హాకీ ఆటగాళ్లు చేతులు కలిపి నిలిచి ఉన్నారు. ఒకనికి కంటిమీద కట్టు. ఆ కట్టుక్రిందినుంచి చెంపమీదికి జారిన నెత్తుటి చార. రెండవవాని కళ్లచుట్టూ కమిలిన నలుపు. మొదటివాడు మాంట్రియల్ జట్టుకు ప్రాణంవంటి మారిస్ రిషార్. రెండవవాడు బోస్టన్ జట్టు గోలుకీపరు జిమ్ హెన్రీ. ఆ రాత్రి ఆటలోనే రిషార్ ప్రత్యర్థి ఢీకొనగా తెలివితప్పి పడిపోయినాడు. గాయానికి కట్టు కట్టించుకొని తిరిగి వచ్చి, ఆట మరి నాలుగు నిమిషాలలో ముగియబోతుందనగా గెలుపు గోలు కొట్టినాడు. ఆ గోలును ఆపలేకపోయిన హెన్రీయే చిత్రంలో కొద్దిగా తలవంచి అతని చేయి పట్టుకొని ఉన్నాడు. క్రీడల చిత్రాలలో ఇంతటి ఖ్యాతి గడించినవి బహు కొద్ది.

మనకు హాకీ అనగానే ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం, ఒలింపిక్ స్వర్ణాలు జ్ఞప్తికి వస్తవి. కెనడావారి హాకీ వేరు. అది మంచుగడ్డమీద ఆడే ఆట. కాళ్లకు ఉక్కు అంచులున్న బూట్లు, బంతికి బదులు ‘పక్’ అనే రబ్బరు బిళ్ల, మైదానం చుట్టూ గోడ. బిళ్ల తనవద్ద ఉన్నవానిని భుజంతో ఢీకొని గోడకు నొక్కటం ఆ ఆటలో తప్పు కాదు. పైపెచ్చు అదొక విద్య. ముష్టియుద్ధానికి దిగినవారిని సైతం ఐదు నిమిషాలు ప్రక్కన కూర్చోబెట్టి మళ్లీ ఆటలోనికి పంపుతారు. ఇంతటి మోటు ఆటలో మిక్కిలి సున్నితమైన ఆచారం ఒకటి చిరకాలంగా నిలిచి ఉన్నది. నేషనల్ హాకీ లీగులో స్టాన్లీ కప్పు కొరకు జరిగే చివరి దశ పోటీలలో రెండు జట్లు మళ్లీ మళ్లీ తలపడతవి. ఇప్పటి పద్ధతిలో ముందుగా నాలుగు ఆటలు గెలిచినది పైమెట్టు ఎక్కుతుంది, ఓడినది ఇంటిదారి పడుతుంది. తక్కిన రోజులలో ఆట ముగియగానే ఎవరిదారిన వారు పోయేవారే. కాని ఆ కడపటి ఆట ముగిసిన క్షణంలో మాత్రం రెండు జట్లవారూ ఎదురెదురుగా వరుసకట్టి, ఒక్కొక్కరి చేతిలో చేయి కలుపుతూ సాగిపోతారు. రెండు వారాలపాటు కర్రలతో, మోచేతులతో పలకరించుకొన్నవారు అప్పుడు అరచేతులు తాకించుకొంటారు. మన నమస్కారం దూరంనుంచి పెట్టవచ్చు. కరచాలనంలో ఎదుటివాని చెమట తగలక తప్పదు.

హాకీ అభిమానులు కూడినచోట వాదం లేకపోవటమన్నది లేదు. ఆ వాదాలలో సగం నిర్ణయాలను గురించినవి. 1999వ సంవత్సరపు కప్పు అందుకు పేరుపడ్డది. డల్లాస్ ఆటగాడు బ్రెట్ హల్ అదనపు సమయంలో, అర్ధరాత్రి దాటిన తరువాత గెలుపు గోలు కొట్టినప్పుడు అతని కాలు గోలుకీపరు గీత లోపల ఉన్నదనీ, కనుక అది గోలే కాదనీ బఫెలో నగరవాసులు నాటినుంచి మొరపెట్టుకొంటూనే ఉన్నారు. ఆ గీతను గురించిన నియమాన్ని లీగు వెంటనే మార్చివేసినది. బఫెలోవారికి అది మానని పుండు. తక్కినవారికి నియమావళిలో ఒక పాత పుట.

తరతరాలుగా చల్లారనివి రెండవరకం వాదాలు. ఎవరు గెలిచినారని కాదు, ఎవరు ఎట్లు నడచుకొన్నారని.

పై చిత్రంలోని రిషార్‌నే తీసుకొందాము. 1944–45 పోటీలలో 50 ఆటలలో 50 గోలులు కొట్టి, అంతవరకూ ఎవరికీ సాధ్యంకాని ఘనకార్యం చేసినవాడు అతడు. క్విబెక్ రాష్ట్రంలో జనులు అధికసంఖ్యాకులు ఫ్రెంచి భాషీయులు. వ్యాపారమూ పెత్తనమూ నాడు ఎక్కువగా ఇంగ్లీషువారి చేతిలో ఉండేవి. అందుచేత రిషార్ ఆ ఫ్రెంచివారికి ఆటగాడు మాత్రమే కాక, తమ కుటుంబంలోనుంచి గడపదాటి గెలిచివచ్చిన పెద్దకొడుకు. అయితే అతనిది ముక్కుమీది కోపం. 1955 మార్చి 13వ తేదీని బోస్టన్‌లో జరిగిన ఆటలో ఒక ప్రత్యర్థి కర్ర తగిలి అతని తల చిట్లినది. రిషార్ తన కర్రతో వానిని కొట్టినాడు. అడ్డుపడి పట్టుకొన్న లైన్స్‌మన్‌ను పిడికిలితో గ్రుద్దినాడు. అట్టి తప్పు అతనికి మొదటిది కూడ కాదు. లీగు అధ్యక్షులు క్లారెన్స్ క్యాంబెల్ మార్చి 16న తీర్పు చెప్పినారు: ఆ సంవత్సరం మిగిలిన మూడు ఆటలలోనూ, అటుపై కప్పు పోటీలన్నిటిలోనూ రిషార్ ఆడరాదు.

తీర్పు న్యాయమా, కాదా అన్నది మొదటి వాదం. అధికారిమీద చేయిచేసుకొన్నవానిని శిక్షింపకపోతే ఆట సాగదని ఒకరు. ఒక ఇంగ్లీషు పెద్దమనిషి మా బిడ్డను అణచినాడని మరియొకరు. కాని అసలు చిక్కు ఆ మరునాడు వచ్చినది. 17వ తేదీ రాత్రి మాంట్రియల్‌లో డెట్రాయిట్ జట్టుతో ఆట. రావద్దని పలువురు హెచ్చరించినా క్యాంబెల్ వచ్చి తమ మామూలు ఆసనంలో కూర్చొన్నారు. ఆట అప్పటికే మొదలై ఉన్నది, సొంతజట్టు ఓడిపోతున్నది. కోడిగ్రుడ్లు, కూరగాయలు ఆయనమీద వర్షించినవి. ఆయన కదలలేదు. ఇంతలో ఒక వ్యక్తి తాను ఆయనకు స్నేహితుడనని చెప్పి కావలివారిని దాటుకొని వచ్చి, చేయి చాచినాడు. క్యాంబెల్ మర్యాదకొద్దీ తమ చేయి చాచినారు. వచ్చినవాడు ఆ చేయి అందుకొనక చెంపమీద కొట్టినాడు.

ఆ తరువాత ఎవరో బాష్పవాయువు గుండు విసిరినారు. వేలాది ప్రేక్షకులు దగ్గుతూ వీధిలోనికి పరుగెత్తినారు. ఆటను నిలిపి డెట్రాయిట్ గెలిచినట్లు ప్రకటించినారు. సెంట్ కాథరీన్ వీధిలో అర్ధరాత్రి దాటేవరకు అద్దాలు పగిలినవి, దుకాణాలు దోపిడి అయినవి. మరునాడు రిషారే రేడియోలో మాట్లాడి, శిక్షను తాను శిరసావహిస్తున్నాననీ, ప్రజలు శాంతించవలెననీ కోరవలసివచ్చినది. క్విబెక్ ఫ్రెంచివారి రాజకీయ మేల్కొలుపునకు ఈ అల్లరినే తొలికోడి కూతగా లెక్కించే చరిత్రకారులు కూడ ఉన్నారు.

క్యాంబెల్ ఆ రాత్రి వెళ్లవచ్చునా? నగర మేయరు జాన్ డ్రాపో ఆయన రాకనే కవ్వింపుగా భావించి బహిరంగంగా తప్పుపట్టినారు. తన ఆసనంలో తాను కూర్చొనటానికి ఒకరి అనుమతి కావలెనా అని ఆయన పక్షంవారు అడుగుతారు. హక్కు ఉన్నదన్నమాట నిజమే. దుఃఖంలో ఉన్న ఇంటికి శిక్ష వేసినవాడు ఆ మరునాడే పోయి ముందువరుసలో కూర్చొనటం హక్కుల లెక్కలో తేలే విషయం కాదని నా అభిప్రాయం. అయినను ఆ రాత్రి జరిగిన వానిలో మిక్కిలి నీచమైనది గ్రుడ్లు విసరటం కాదు, ఆ చాచిన చేయి. గ్రుడ్డు విసిరినవాడు శత్రువుగానే విసిరినాడు. చేయి చాచినవాడు రెండు ప్రాణుల నడుమ ఉన్న ఒక నమ్మకాన్ని ఆయుధంగా వాడినాడు.

ఈ కథకు తోకవంటి మరొక తగవు ఉన్నది. ఉపాధ్యాయులు తరగతిలో వేసి చూడదగిన ప్రశ్న ఇది. రిషార్ ఆ ఏడు పాయింట్ల పట్టికలో అగ్రస్థానంలో ఉన్నాడు. జీవితంలో ఎన్నడూ దక్కని బహుమతి దక్కబోతున్నది. శిక్షతో అతని లెక్క 74 వద్ద నిలిచిపోయినది. అతని జట్టువాడే అయిన బెర్నార్ జాఫ్రియోన్ కడపటి రోజులలో 75 చేసి బహుమతి అందుకొన్నాడు. సొంత ఊరివారే అతనిని ఈసడించి కేకలు వేసినారు! జట్టుకొరకు గోలు కొట్టవలసినవాడు అన్నవంటి సహచరుని కొరకు చేయి ముడుచుకొనవలెనా? జట్టుధర్మమా, స్నేహధర్మమా? మన పిల్లలు ఆటల్లో ‘జట్టు’ అంటే ఒక పక్షం. అలిగినప్పుడు ‘నీ జట్టు ఉండను పో’ అంటే స్నేహం. ఒకే మాటలో రెండు అర్థాలూ ఇమిడించిన మన భాషకు ఈ చిక్కు ముందే తెలిసినట్లున్నది. రిషార్ మాత్రం 1960లో విరమించేవరకు ఆ బహుమతి పొందనేలేదు.

నియమానికీ మర్యాదకూ నడుమ ఉన్న సందు ఎంత ఇరుకో 2008లో న్యూయార్కులో తేలినది. ఏప్రిల్ 13వ తేదీన న్యూజెర్సీ గోలుకీపరు మార్టిన్ బ్రోడార్ ఎదుట న్యూయార్కు ఆటగాడు షాన్ ఏవరీ ఆటకు వీపుపెట్టి నిలిచి, అతని ముఖం ముందు చేతులూ కర్రా ఊపుతూ దృష్టిని మరుగుచేసినాడు. గోలుకీపరును తాకలేదు, ఏ నియమమూ మీరలేదు. ఎందుకంటే అట్టి పని ఎవరైనా చేస్తారని నియమం వ్రాసినవారికి తోచలేదు. మరునాడే లీగు దానిని శిక్షార్హమని ప్రకటించినది. ఒక్కరోజులో పుట్టిన నియమాన్ని అభిమానులు నేటికీ అతని పేరుతోనే పిలుస్తారు. ఆ పోటీలు ముగిసి ఓడిన బ్రోడార్ వరుసలో అందరి చేతులూ పట్టుకొన్నాడు, ఏవరీది ఒక్కటి వదలివేసినాడు. తప్పన్నవారున్నారు, తగిన పనే అన్నవారున్నారు. ఓటమి తరువాత ఎవరికీ చేయి ఇవ్వని గోలుకీపరులు పూర్వమూ లేకపోలేదు. బోస్టన్‌కు ఆడిన గెరీ చీవర్స్ అట్టివాడు.

మనసులో లేనిది చేతితో చూపటం ‘పైన పటారం లోన లొటారం’ కాదా అని యువకులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. 1996 మే 29న కొలరాడోకు చెందిన క్లోడ్ లెమ్యూ, డెట్రాయిట్ ఆటగాడు క్రిస్ డ్రేపర్‌ను వెనుకనుంచి ఢీకొని గోడకు మోదినాడు. డ్రేపర్ దవడ, ముక్కు, చెంప ఎముక విరిగినవి. ఆ ఆటతోనే డెట్రాయిట్ ఓడిపోయినది. సహచరుడు ఎంత దెబ్బతిన్నాడో ఇంకా సరిగా తెలియని డెట్రాయిట్ ఆటగాళ్లు ఆచారం ప్రకారం వరుసలో నిలిచి లెమ్యూ చేయి కూడ పట్టుకొన్నారు. లోపలికి పోయి డ్రేపర్ ముఖం చూచిన తరువాత, ఆ చేయి పట్టుకొన్నందుకు వారిలో ఒకడు అసహ్యించుకొన్నాడు. లెమ్యూకు పడిన శిక్ష రెండు ఆటల బహిష్కరణ. ఆ కసి మరుసటి సంవత్సరం మార్చి 26న డెట్రాయిట్ మంచుమీద నెత్తురై కారినది.

నా మటుకు నాకు కరచాలనం ప్రేమకు గుర్తు కాదు. ‘నీవు నాతో సమానంగా ఆడినావు, నీవు లేనిదే నా ఆట లేదు’ అన్న ఒప్పుకోలు అది. ప్రేమ ఉన్నచోట దాని అవసరమే లేదు. బ్రోడార్ నిరాకరణ కూడ ఆ లెక్కలో మర్యాదను గౌరవించినట్లే. విలువలేనిదైతే వదలివేయటానికి అర్థమేమున్నది?

ప్రేక్షకుల మెట్లమీద జరిగే తగవులు ఇంతకంటె చిన్నవి, ఇంతకంటె నిత్యమైనవి. ఆట నడుస్తూండగా లేచి ఇతరులకు అడ్డంగా నడువరాదు; ఈల మ్రోగి ఆట ఆగేవరకు మెట్ల తలదగ్గరే నిలువవలెను. ఒక ఆటగాడు ఒకే ఆటలో మూడు గోలులు కొడితే టోపీలు తీసి మంచుమీదికి విసరటం ఆచారం. మరి ఎదుటిజట్టువాడు కొడితే? విసరనక్కరలేదని ఎక్కువమంది మాట, ఆటకు ఊరేమిటని కొద్దిమంది మాట. అన్నిటికంటె గట్టి తీర్పు మాత్రం గోడదాటి వచ్చిన బిళ్లను గురించినది. ప్రక్కన పిల్లవాడు చేతులు చాచి ఉండగా పెద్దమనిషి ఆ బిళ్లను జేబులో వేసుకొంటే చుట్టూ ఉన్నవారు క్షమింపరు. ఏ నియమావళిలోనూ లేని ఈ శాసనం అమలుకు వేయికళ్ల కాపలా చాలు.

మన హాకీకి కూడ ఇట్టి ఘట్టాలు ఉన్నవి. 2014 డిసెంబరు 13న భువనేశ్వరంలో చాంపియన్స్ ట్రోఫీ సెమీఫైనలులో పాకిస్తాన్ 4–3తో భారతదేశాన్ని ఓడించినది. గెలిచిన ఆటగాళ్లు కొందరు చొక్కాలు విప్పి ప్రేక్షకులవైపు అసభ్యమైన సైగలు చేసినారు. వారి శిక్షకుడు క్షమాపణ చెప్పినాడు. అది చాలదని మనవారు పట్టుబట్టగా అంతర్జాతీయ సంఘం ఇద్దరిని ఫైనలునుంచి తప్పించినది. ప్రేక్షకులు ముందు కవ్వించినారా అన్న వాదం నాడు సరిహద్దుకు రెండువైపులా సాగినది.

2025లో ఆ వాదం మరీ ముదిరినది. ఏప్రిల్‌లో పహల్గాం హత్యాకాండ జరిగినది. సెప్టెంబరులో దుబాయిలో ఆసియా కప్పు క్రికెట్‌లో మన ఆటగాళ్లు పాకిస్తాన్‌వారికి చేయి ఇవ్వలేదు. ఆ నెలలోనే కాదు, ఆపైన కూడ దేశమంతటా, పాఠశాలల ఉపాధ్యాయుల గదులలో సైతం దానిని గురించే మాట: చనిపోయినవారి పట్ల గౌరవం ముందా, ఎదుట నిలిచిన ఆటగాని పట్ల మర్యాద ముందా? అక్టోబరు 14వ తేదీన మలేసియాలోని జొహోర్‌లో రెండు దేశాల జూనియర్ హాకీ జట్లు కలిసినవి. ఇరవైయొకటి దాటని కుర్రవాళ్లు. జాతీయగీతాలు ముగిసినవి. రెండు వరుసలూ ఎదురెదురుగా నడచినవి. అరచేయి పట్టుకొనలేదు, వదలిపెట్టనూ లేదు. దాటిపోతూ ఒకరి అరచేతిని ఒకరు చరచినారు. ఆట 3–3తో ముగిసినది. ఆ చరుపు కరచాలనమేనా, కాదా అని అభిమానులు అప్పుడే వాదం మొదలుపెట్టినారు.