ఇది మట్టా, బొగ్గా?

గోదావరిఖని, రామగుండం వైపు వెళ్తే సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన కొండల్లాంటి గుట్టలు కనిపిస్తాయి. బొగ్గు కోసం పైనుంచి తవ్వి తీసేసిన మట్టీ, రాళ్లూ అవి. దీన్నే 'ఓబీ' అంటారు. కావాల్సింది కింద ఉన్నప్పుడు, అక్కర్లేనిది తీసి పక్కన పోయాల్సిందే కదా!

కోడింగ్‌లోనూ అంతే. సీ ప్లస్ ప్లస్‌లో ఒక 'సెట్'లోకి రోల్ నంబర్ చేర్చారనుకోండి. అది రెండు జవాబులిస్తుంది. నంబర్ ఎక్కడుందన్నది ఒకటి, కొత్తగా చేరిందా లేదా అన్నది రెండోది. మీకు రెండోది చాలా? అయితే 'టై' ఫంక్షన్‌లో మొదటిదాని చోట 'ఇగ్నోర్' అని రాస్తే సరి. 2011 ప్రమాణం నుంచీ ఇది స్టాండర్డ్ లైబ్రరీలోనే ఉంది. ఏ విలువ ఇచ్చినా మింగేసి ఊరుకుంటుంది! గో, పైథాన్ రాసేవాళ్లు ఇదే పనికి అండర్‌స్కోర్ పెడతారు.

మరి మట్టితో పాటు బొగ్గునూ పారబోస్తే? ఫైల్ సేవ్ కాలేదని ఫంక్షన్ చెప్తున్నా పట్టించుకోకపోతే జరిగేది అదే. డేటా పోతుంది, ప్రోగ్రామ్ మాత్రం ఏం కానట్టే నడుస్తుంది. భూగర్భ గనిలో మీథేన్ రీడింగ్‌ని ఎవరైనా అలా వదిలేస్తారా? అందుకే సీ ప్లస్ ప్లస్ 2017 ప్రమాణంలో 'నోడిస్కార్డ్' గుర్తు వచ్చింది. అది పెట్టిన ఫంక్షన్ జవాబును ఊరికే వదిలేస్తే కంపైలర్ హెచ్చరిస్తుంది.

పారేయడం తప్పు కాదు, చూడకుండా పారేయడమే తప్పు. ఈసారి 'ఇగ్నోర్' టైప్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి.. ఇది మట్టా, బొగ్గా?