కాఫీ గడ్డ మీద టీ రాజ్యం

టర్కీ అనగానే కాఫీ జ్ఞాపకం వస్తుంది. పదహారవ శతాబ్దంలోనే ఇస్తాంబుల్‌లో కాఫీ దుకాణాలు వెలిశాయి. అక్కడ చేరి జనం లేనిపోని మాటలాడుతున్నారని 1633లో నాలుగవ మురాద్ సుల్తాన్ వాటిని మూయించాడు. అయినా కాఫీ పోలేదు. ఉదయపు ఫలహారానికి వారి భాషలో ఉన్న మాటకు అర్థమే ‘కాఫీకి ముందు’ అని!

అటువంటి దేశంలో ఈనాడు ఇంటింటా కాగేది టీ. తలసరిని ఏటా మూడు కిలోలకు పైగా తేయాకు వాడుతూ, ఇంగ్లీషువారిని కూడా వెనక్కు నెట్టేశారు.

ఇది నాలుక తెచ్చిన మార్పు కాదు, జేబు తెచ్చినది. కాఫీ గింజ టర్కీలో పండదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడి, 1918లో యెమెన్ చేజారిన తరువాత కాఫీ పూర్తిగా పరదేశపు సరుకయింది. అదే రోజులలో నల్లసముద్రపు ఒడ్డున రిజె ప్రాంతంవారు దిక్కుతోచక ఉన్నారు. కొండవాలున చాలీచాలని మొక్కజొన్న. మగవారు రష్యాకు కూలికి పోయేవారు. 1917 విప్లవంతో ఆ దారీ మూతపడింది. అక్కడ తేయాకు పెంచాలని 1924లో చట్టం వచ్చింది. జిహ్ని డెరిన్ అనే వ్యవసాయాధికారి ఆ భారం నెత్తిన వేసుకున్నాడు. రైతులు ఓ పట్టాన నమ్మలేదు. నమ్ముతారా మరి? ఉన్న మొక్కజొన్న పీకి ఊరూపేరూ తెలియని ఆకు వేస్తే పిల్లలకేం పెట్టాలి? 1930ల చివర బటూమీ నుంచి టన్నులకొద్దీ విత్తనాలు తెచ్చి నాటితేగాని పని సాగలేదు. 1947లో రిజెలో మొదటి ఫ్యాక్టరీ వెలిసింది.

వారి టీలో పాలుండవు. ఒకదానిమీద ఒకటిగా రెండు కెటిళ్లు. కింద మరిగే నీళ్లు, పైన చిక్కటి డికాక్షన్. నడుము సన్నని గాజుగ్లాసులో రెండూ కలిపి, చక్కెర బిళ్లలతో ఇస్తారు. రంగు కుదిరితే ‘కుందేటి నెత్తురు’ అని మెచ్చుకుంటారు. (మన ఇళ్లలో పెద్దవాళ్లు వినకుండా ఉంటే మేలు!) ఇక చాలుననుకుంటే చెంచా గ్లాసుమీద అడ్డంగా పెట్టాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు.

పిల్లనడగడానికి వచ్చినప్పుడు మాత్రం కాఫీయే. పెళ్లికూతురే కాచి తెస్తుంది. వరుని కప్పులో పంచదారకు బదులు ఉప్పు వేస్తుంది. మొహం చిట్లించకుండా తాగాడా, ఓర్పున్నవాడే! ఆడవాళ్లు కప్పు బోర్లించి మడ్డిలో జోస్యం చూసేది కూడా కాఫీతోనే. టీ గ్లాసులో ఆ మడ్డి ఎక్కడిది?