రియో గ్రాండ్ పక్కన ‘రివర్’ రాస్తే తప్పా?

స్పానిష్‌లో ‘రియో’ అంటేనే నది, కాబట్టి ఇంగ్లిష్‌లో ‘రియో గ్రాండ్ రివర్’ అనకూడదని వాట్సాప్ వ్యాకరణ పాఠాల్లో ఒక సూత్రం చెలామణీ అవుతోంది. అక్కడితో ఆగినా బాగుండేది. విదేశీ నది పేరు ఏదైనా సరే, పక్కన ‘రివర్’ చేర్చడం తెలియనితనమనే దాకా అది పాకింది. దాన్ని నమ్మిన విద్యార్థులు కాంగో, అమెజాన్, కొలరాడో పేర్ల పక్కన కూడా ‘రివర్’ కొట్టేస్తున్నారు. ‘త్రీ మెన్ డైడ్ ఇన్ ది కాంగో’ అని రాస్తే ఆ ముగ్గురూ నదిలో మునిగిపోయారా, కాంగో దేశంలో మరేదో కారణంతో చనిపోయారా? ఉన్న ఒక్క ఆధారాన్నీ తీసేసి, అర్థం చెడగొట్టి, దాన్నే శుద్ధి అనుకుంటున్నారు.

రియో గ్రాండ్ వరకు ఆ సూత్రం మాట నిజమేనని ఒప్పుకోక తప్పదు. కొలరాడో కొండల్లో పుట్టి, దాదాపు 3,000 కిలోమీటర్లు పారి, టెక్సస్‌కూ మెక్సికోకూ సరిహద్దుగా నిలిచే ఆ నదికి అమెరికా పటాల్లో ఉన్న అధికారిక పేరులో ‘రివర్’ లేదు. మెక్సికో వాళ్లు దాన్నే రియో బ్రావో అంటారు. స్పానిష్ విరివిగా వినిపించే టెక్సస్‌లో ‘రియో’ అర్థం చాలామందికి తెలుసు. అందుకే అక్కడ ‘రివర్’ చేరిస్తే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అయితే దాన్ని తీర్మానించింది అక్కడి వాడుకే గాని నిఘంటువులోని అర్థం కాదు.

అర్థమే కొలమానమైతే ఇంగ్లండ్ పటాలన్నీ దిద్దాలి. ‘ఏవన్’ అనే పేరు పాత కెల్టిక్ భాషలో నది అనే మాటే. అయినా షేక్‌స్పియర్ ఊరి పక్కన పారేది ‘రివర్ ఏవన్’ అనే రాస్తారు, దాన్ని ఎవరూ దిద్దరు. స్పెయిన్‌లోని గ్వాదల్‌కివీర్ పేరు అరబిక్‌లో ‘పెద్ద నది’ నుంచి వచ్చింది. ‘గ్వాదల్‌కివీర్ రివర్’ అన్నా ఇంగ్లిష్‌లో తప్పు పట్టరు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. బుడమేరులో ‘ఏరు’ ఉంది, మున్నేరులోనూ ఉంది. 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు మన పత్రికలు ‘బుడమేరు వాగు’ అని కూడా రాశాయి. ఏరు పక్కన వాగేమిటని అడిగిన తెలుగువాడు లేడు. పేరుగా స్థిరపడ్డాక లోపలి మాట అర్థం చెప్పడం మానేస్తుంది, గుర్తు మాత్రమే అవుతుంది. తెలుగులో ఇంత సహజమైన సంగతి ఇంగ్లిష్‌లో నేరమెలా అవుతుంది?

మరి ‘హ్వాంగ్ హో రివర్’ కూడా రాయొచ్చా అని అడుగుతారు. ‘హో’ అంటే నదే. రాస్తే మహాపరాధం కాదు గాని, ‘యెల్లో రివర్’ అని ఇంగ్లిష్‌లో ఎప్పుడో కుదురుకున్న పేరుండగా ఈ కలగాపులగం ఎందుకు? మెకాంగ్ సంగతి వేరు, దానికి ఇంగ్లిష్‌లో అలాంటి మరో పేరు లేదు. దాన్ని పంచుకునే కాంబోడియా, లావోస్, థాయిలాండ్, వియత్నాం 1995లో పెట్టుకున్న సంఘానికి ‘మెకాంగ్ రివర్ కమిషన్’ అనే పేరు పెట్టుకున్నాయి. ఆ నది ఒడ్డున బతికేవాళ్లకు లేని అభ్యంతరం మన ఎర్ర సిరాకు ఎందుకు?

మిగతా అపోహలకు రెండు మూడు వాక్యాలు చాలు. ‘రివర్’ చేర్చితే ముందు ‘ది’ అక్కర్లేదన్నది అబద్ధం. బ్రిటిష్ ఇంగ్లిష్‌లో ‘రివర్’ ఎప్పుడూ ముందే రావాలన్నదీ అంతే. ‘రివర్ థేమ్స్’ అనే బ్రిటిష్ వాళ్లే ‘యెల్లో రివర్’ అంటారు. రాసే ముందు మంచి అట్లాసులోనో విజ్ఞానసర్వస్వంలోనో ఆ నది పేరు ఎలా ఉందో చూడండి. దేశానికో, అడవికో, కంపెనీకో అదే పేరుంటే మొదటి ప్రస్తావనలో ‘రివర్’ తప్పక రాయండి, తర్వాత వదిలేయొచ్చు. ఉపాధ్యాయులు ‘మెకాంగ్ రివర్’కు మార్కులు కోయకండి.