మూసిన తూమున కారు విద్యుత్తు

ట్రాన్సిస్టరను చిన్న సాధనము పేరు మీరెల్లరును వినియేయుందురు. అందు ఎమిటరు, బేసు, కలెక్టరు అని మూడు భాగములును, వాని నడుమ రెండు సంధులును గలవు. కలెక్టరు సంధిపై వోల్టేజి వ్యతిరేకదిశలో నుండును గనుక, ఆ సంధి చెరువునకు మూసిన తూమువంటిది. అయినను దానిగుండ కొంచెము విద్యుత్తు కారుచునే యుండును. దీనినే లీకేజి ప్రవాహమందురు. ఇంత స్వల్పమైనది ట్రాన్సిస్టరునే యెట్లు చెఱచునో నేడు మీకు విన్నవింపదలచితిని.

దీనికి మూలకారణము వేడిమి. స్ఫటికమున పరమాణువులను బంధించియుంచు ఎలక్ట్రానులలో గొన్ని వేడిమిచే బంధములను త్రెంచుకొని వెలువడును. అవి విడిచిన తావులకు రంధ్రములని పేరు. సంధియందలి విద్యుద్బలము ఈ రెంటిని చెరియొక దిక్కునకు నీడ్చుకొనిపోవును. బంధము త్రెంచుటకు జెర్మేనియమున సుమారు 0.67 ఎలక్ట్రాను వోల్టుల శక్తి చాలును, సిలికానున 1.1 కావలయును. అందుచే చిన్న జెర్మేనియపు ట్రాన్సిస్టరున లీకేజి కొన్ని మైక్రోఆంపియరులుండగా, సిలికానున నానోఆంపియరులలోనే యుండును.

ఒక లెక్క చూతము. 25 సెంటిగ్రేడు డిగ్రీలకడ 5 మైక్రోఆంపియరుల లీకేజిగల జెర్మేనియపు ట్రాన్సిస్టరు నొకదానిని గైకొందము. ప్రతి 10 డిగ్రీలకును లీకేజి రమారమి రెట్టింపగును. కావున 65 డిగ్రీలకడ 80 మైక్రోఆంపియరులగును. బేసు తీగను దేనికిని కలుపక విడిచితిమేని, ట్రాన్సిస్టరు ఈ లీకేజినే సంకేతముగా గ్రహించి వృద్ధిచేయును. వృద్ధి 50 అయినచో ప్రవాహము 51 రెట్లై, 4 మిల్లీఆంపియరులు దాటును. ఆ ప్రవాహము సంధిని వేడిచేయును. ఆ వేడిమి లీకేజిని మఱింత పెంచును. వేడిమి బయటికి పోవు త్రోవ చాలనిచో, తుదకు ట్రాన్సిస్టరు మాడిపోవును.

1954వ సంవత్సరము మే నెలలో, అమెరికాలోని డేటన్ నగరమున ఇంజనీర్ల సభయందు, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థకు చెందిన గోర్డన్ టీల్ ఈ భేదమును ప్రత్యక్షముగా జూపెను. గ్రామఫోనుకు అమర్చిన జెర్మేనియపు ట్రాన్సిస్టరును కాగిన నూనెలో ముంచగా పాట ఆగిపోయెను. సిలికాను ట్రాన్సిస్టరును ముంచగా పాట సాగుచునే యుండెను.

సిలికానున్నదిగదా యని ఏమఱుట తగదు. వేడెక్కినకొలది దాని లీకేజియు పెరుగును. కావున యంత్రములు కట్టు యువకులకు నేను మూడు మాటలు చెప్పుదును. బేసునకును ఎమిటరునకును నడుమ ఒక రెసిస్టరునుంచి లీకేజికి వేఱుత్రోవ చూపుడు. ఎమిటరు తీగలో మఱియొక చిన్న రెసిస్టరునుంచుడు. ప్రవాహము పెరుగబోవునప్పుడు అది దానిని వెనుకకు లాగును. అధికశక్తిగల ట్రాన్సిస్టరునకు లోహపు రెక్కలమర్చి వేడిమిని గాలికి విడువుడు. తూము కారుటను మనము మాన్పజాలము. ఆ నీటికి కాలువ త్రవ్వుట మాత్రము మన చేతిలోనిదే.