పిల్లలకు గజ్జి మందు పూసే రాత్రి షెడ్డు సంగతేంటి?

ఈసారి ఆకు గురించి కాదు, గూళ్ల రేటు గురించీ కాదు. గుడియాత్తం, పేర్నంబట్టు, పరదరామి వైపు చిన్నపిల్లలున్న ఇళ్లలో వచ్చిపోయే గజ్జి గురించి. ఇక్కడ అరవంలో సొరి, సిరంగు అంటారు. మన పెద్దవాళ్లు చిడుము అనేవాళ్లు. ఈ జబ్బుకు పూసే మందుకూ మన పట్టుపురుగుకూ అస్సలు పడదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

గజ్జికి కారణం ఒక సన్నని పురుగు. ఆడపురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకు 2, 3 గుడ్లు పెడుతుంది. 3, 4 రోజుల్లో అవి పగులుతాయి, రెండు వారాల్లో ఆ పిల్లలూ పెద్దవవుతాయి. ఇంత దురద పెట్టే జబ్బులో ఒంటి మీద ఉండేవి మామూలుగా 10, 15 పురుగులే. వాటి రెట్టా గుడ్లూ మన ఒంటికి సరిపడక దురద పుడుతుంది. రాత్రి పడుకున్నాక ఎక్కువ. వేళ్ల సందులు, మణికట్టు, చంకలు, బొడ్డు చుట్టూ, పిర్రలు చూడండి. చంటిబిడ్డలకైతే అరిచేతుల్లో, అరికాళ్లలో, తల మీద కూడా వస్తుంది.

మొదటిసారి పట్టినవాళ్లకు 4 నుంచి 6 వారాల దాకా దురదే తెలియకపోవచ్చు. ఆ లోపల పురుగు మాత్రం ఒకరి నుంచి ఒకరికి పోతూనే ఉంటుంది. అంటే చిన్నది గోక్కోవడం మనకు కనబడేసరికి పక్కన పడుకునే అమ్మకూ, ఎత్తుకునే అవ్వకూ ఎప్పుడో అంటి ఉంటుంది. ఒక తట్టలో పాలరోగం కనబడితే ఆ తట్ట ఒక్కటే కడిగి ఊరుకుంటామా? షెడ్డంతా శుద్ధి చేస్తాం కదా. ఇంట్లో మాత్రం గోక్కునే బిడ్డకు ఒక్కదానికే మందు పూసి, నెల తిరక్కుండానే మళ్లీ వచ్చిందని మందును తిట్టుకుంటాం. కంటికి కనబడని జీవి వల్ల రోగం అంటుతుందని జంతువుల్లో మొదట రుజువైంది మన పట్టుపురుగు మీదే. 1835లో ఇటలీలో అగోస్తినో బస్సీ సున్నపుకట్టు రోగం మీద చూపించాడు. ఈ గజ్జి పురుగునైతే అదే దేశంలో 1687లోనే సూక్ష్మదర్శిని కింద చూసి రాశారు.

డాక్టర్లు ఎక్కువగా రాసేది పెర్మెత్రిన్ 5 శాతం క్రీము. రాత్రి మెడ కింద నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కిందా వేళ్ల సందుల్లో కూడా పూసి, 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి. చంటిబిడ్డలకు తలకు కూడా పూయమంటారు, కళ్లకూ నోటికీ తగలకుండా. మధ్యలో చేతులు కడిగితే అక్కడ మళ్లీ పూయాలి. దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే రాత్రి పూసుకోవాలి. 7 నుంచి 14 రోజుల్లోపు రెండోసారి. రెండు నెలలు నిండని బిడ్డకు ఈ క్రీము సొంతంగా పూయొద్దు, వాళ్లకు గంధకం మలాం లాంటిది డాక్టరే చెప్పాలి. ఐవర్‌మెక్టిన్ మాత్రలు కూడా ఉన్నాయి గానీ 15 కిలోల లోపు పిల్లలకూ గర్భిణులకూ సాధారణంగా ఇవ్వరు.

ఇక షెడ్డు సంగతి. పెర్మెత్రిన్ అంటే పురుగుమందే. తోటల్లో కొట్టే సైపర్‌మెత్రిన్ దీని తోబుట్టువు. మనిషికి పూతగా పనికొచ్చేది పట్టుపురుగుకు విషం. తల ఎత్తి అటూ ఇటూ ఆడించి, పచ్చనీళ్లు కక్కి, ముడుచుకుపోయిన పురుగును చూసినవాళ్లకు వివరంగా చెప్పక్కర్లేదు. గుడియాత్తంలో బీడీలు చుట్టే ఇళ్లు చాలా. పొగాకు చేత్తో ఆకు ముట్టొద్దని అక్కడ మనవాళ్లకు తెలుసు. క్రీము చేతికీ అదే పట్టింపు కావాలి.

అందరూ ఒకే రాత్రి పూసుకుంటే మేత ఎవరు వేయాలి? బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య షెడ్డు ఖాళీగా ఉంటే చిక్కే లేదు. పురుగు ఉంటే మాకు తోచిన దారి ఒకటి ఉంది. జ్వరంలో ఉన్న పురుగుకు మనం మేత వేయం. నాలుగో జ్వరం ఒక రోజుకు పైనే ఉంటుంది. పురుగంతా జ్వరం పడ్డాక ఆ రాత్రి ఇంటిల్లిపాదీ పూసుకుని, పొద్దున సబ్బుతో తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుంటే జ్వరం లేచే వేళకు చేతులు శుభ్రంగా ఉంటాయి. అయినా ఆ ఒకట్రెండు రోజులు గ్లౌజులు వేసుకునే ఆకు ముట్టండి. అక్కడి నుంచి 8, 9 రోజులకు పురుగు చంద్రిక ఎక్కుతుంది, మేత పని ఉండదు. రెండో పూత అప్పుడు. డాక్టరు చెప్పే గడువులోనే పడుతుంది. ఇంకా చాకీ దశలోనే ఉంటే నాలుగో జ్వరం దాకా ఆగకండి, బిడ్డ నిద్ర లేకుండా ఏడుస్తుంటే బ్యాచ్ చూసుకుంటూ కూర్చోలేం. మేత వేయడానికి ఇంట్లో ఉండని బంధువునో కూలినో రెండు రోజులు పిలుచుకోండి. లేదా పట్టుపురుగులు పెంచుతున్నామని డాక్టరుకు ముందే చెబితే మేత వేసే పెద్దవాళ్లకు మాత్రలు సరిపోతాయేమో చూస్తారు.

ఇల్లూ షెడ్డూ ఒకే కప్పు కింద ఉన్నవాళ్లు ఆ రాత్రి పక్కలు వేరే చోట వేసుకోండి. మందు కడిగిన స్నానం నీళ్లు మల్బరీ సాలులోకి పోనివ్వద్దు. మన ఇళ్లలో తూము తోటలోకే కదా ఉంటుంది. ఆ బట్టలు తట్టలు, చంద్రికలు కడిగే చోట ఉతకొద్దు. గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో బిగించి వారం పక్కన పెట్టండి. మనిషి ఒళ్లు దొరక్కపోతే ఈ పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. షెడ్డుకు వాడే ఫార్మలిన్, బ్లీచింగ్ మాత్రం పిల్లల పక్కల మీద చల్లకండి. ఆ పని అవసరమూ లేదు, ప్రమాదం కూడా.

పేలకు వాడే కొన్ని మందుల్లోనూ పెర్మెత్రిన్ 1 శాతం ఉంటుంది, దానికీ ఇదే జాగ్రత్త. చీమల చాక్‌పీసు తలకు రాయడం చాలాచోట్ల చూస్తాం. అది బిడ్డకూ మంచిది కాదు, షెడ్డుకూ కాదు.

మందుల షాపులో తామరకని ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములతో దురద నాలుగు రోజులు తగ్గుతుంది గానీ గజ్జి లోపల పెరుగుతుంది. గోకిన చోట చీము పడితే ఆలస్యం చేయొద్దు. ఆ పుండ్లలో చేరే బ్యాక్టీరియా వల్ల కొందరు పిల్లలకు మూత్రపిండాలు వాస్తాయి. పొద్దున ముఖం ఉబ్బినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా అదే రోజు ఆస్పత్రికి తీసుకుపోవాలి. గుడియాత్తం ప్రభుత్వాస్పత్రి ఉంది, వేలూరులో సీఎంసీ ఉంది, అడుక్కంపారై మెడికల్ కాలేజీ ఉంది. కరిగిరికి పోవడానికి కొందరు జంకుతారు, 1955 నుంచి కుష్టుకు పేరుపడ్డ చోటు గనక. అక్కడ మామూలు చర్మరోగాలూ చూస్తారు. కుష్టు మచ్చ స్పర్శ తెలియదు, మామూలుగా దురద పెట్టదు. గజ్జి రాత్రంతా నిద్రపోనివ్వదు.

ఇంకొక్క సంగతి. పురుగు చచ్చాక కూడా దురద 2 నుంచి 4 వారాలు ఉంటుంది. అది చూసి రోజూ క్రీము పూస్తే చర్మం మంటెక్కుతుంది, దురద ఇంకా ఎక్కువవుతుంది. కొత్త పొక్కులు లేస్తేనే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లండి.