పట్టిక యెవరి వశము?

ఈ-రీడరును యూఎస్‌బీ కేబులుతో కంప్యూటరునకు తగిలించినంతనే, చదువుచున్న పుట మాయమై, తెరపై ఒక బొమ్మ మాత్రము నిలిచి, కేబులు తీయువఱకు గ్రంథము తెఱచుకొనకుండుట యేలనని తరగతిలో ఒక విద్యార్థిని యడిగినది. నాకు మిక్కిలి ప్రియమైన ప్రశ్న అది. ఆ యంత్రపు మర్మమంతయు అందే యున్నది.

రీడరులోని నిల్వ సాధారణముగా 512 బైట్ల గడులుగా లెక్కింపబడును. ఏ గ్రంథము ఏయే గడులలో నున్నదో తెలుపు పట్టిక యొకటి ఆ నిల్వయందే కలదు. మాస్ స్టోరేజి యను పద్ధతిలో కంప్యూటరు ఫలానా గడిని చదువుమనియో, ఫలానా గడిలో దీనిని వ్రాయుమనియో యాజ్ఞాపించునే గాని, వచ్చుచున్నది నవలయో, చిత్రమో, పాటయో రీడరునకు చెప్పదు. పట్టికను దిద్దు భారమంతయు కంప్యూటరుదే. అదియు వేగము కొఱకు పట్టిక ప్రతిని తన మెమరీలో నుంచుకొని, దిద్దుబాట్లలో కొన్నింటిని వెంటనే వ్రాయక యాపియుంచును. ఆ సమయముననే రీడరు తనయొద్దనున్న పాత ప్రతిని నమ్మి, పాఠకుడు ఆగిన పుటసంఖ్యను వ్రాసికొనబోయినచో, ఒకే లెక్కల పుస్తకమున ఇరువురు కరణములు ఒకరి నొకరు ఎఱుగక పద్దులు వ్రాసినట్లై, ఒక గ్రంథపు గడులపై వేఱొకటి వ్రాయబడి రెండును చెడును. కావుననే రీడరు తన నిల్వను తానే విడిచిపెట్టి, చదివించుట మానుకొని, వేచియుండును. కేబులు తీయుటకు ముందు ఎజెక్టు చేయవలెననుటకును కారణ మిదియే. ఆపియుంచిన వ్రాతలన్నియు నిల్వకు చేరినవని అప్పుడు గాని నిశ్చయము కాదు.

2006లో సోనీ సంస్థ వెలువరించిన పీఆర్ఎస్-500 ఇట్టిది కాదు. అది పట్టికను తన వశముననే యుంచుకొని, ఫైలు నిమ్మన్నచో నిచ్చుచు, పుచ్చుకొమ్మన్నచో పుచ్చుకొనుచుండెను. కాని ఆ సంభాషణ సోనీవారి సొంత భాషలో, వారి విండోస్ సాఫ్ట్‌వేరుతో మాత్రమే సాగెడిది. అమెరికాలోని కాల్టెక్‌లో భౌతికశాస్త్ర పరిశోధన చేయుచు లినక్సు వాడుచుండిన కోవిద్ గోయల్, తోడి యభిమానుల సాయముతో ఆ భాషను ఛేదించెను. యూఎస్‌బీలో సంభాషణ నారంభించు నధికారము కంప్యూటరుదే గనుక, అడుగనిదే పరికరము పలుకదు. ప్రతి జవాబునకు ముందొక ప్రశ్న యుండి తీరును. ఈ క్రమమే రహస్యభాషను చదువుటకు తాళపుచెవి యని నేను తలంతును. ఇంతటి నిశితమైన పనిని సొంత పుస్తకములు చదువుకొనుటకై యొక విద్యార్థి చేయుట నన్నెల్లప్పుడు నబ్బురపఱచును.

లిబ్‌పీఆర్ఎస్500 అను ఆ సాధనమే 2008లో కాలిబర్ అను పేరు దాల్చి, గ్రంథముల నొక రూపము నుండి మఱొక రూపమునకు మార్చుచు, రచయితల పేర్లు, ముఖచిత్రములు సవరించుచు, పెక్కు రీడర్లకు పంపుచున్నది. పీఆర్ఎస్-505 నాటికి సోనీయే మాస్ స్టోరేజిని స్వీకరించినది.

ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోనులును, ఇటీవలి కిండిళ్లును అవలంబించుచున్న ఎంటీపీ పద్ధతిలో పట్టిక మరల పరికరము వశమైనది. కంప్యూటరు ముందుగా ఫైలు పేరును, పరిమాణమును తెలిపి, పిమ్మట ఫైలు నందించును. దానిని ఏ గడులలో నుంచవలెనో పరికరమే నిర్ణయించును. అందుచే ఫోను కేబులుతో తగిలియుండగనే మనము దానిని వాడుకొనగలుగుచున్నాము. ఇది పీఆర్ఎస్-500 నాటి యేర్పాటే, కాని ఈ పర్యాయము భాష బహిరంగము.