మన దేశంలో మండే కొండ

ఈసారి గోడపత్రికకు నేను ఒక దీవి గురించి రాస్తున్నాను. దాని పేరు బ్యారన్ ద్వీపం. అక్కడ ఊరు లేదు, ఇల్లు లేదు, మనిషి లేడు. అయినా దాని మూలంగా మా ఇంట్లో రెండు రోజులు ఎవరికీ అన్నం సయించలేదు. అందుకే రాస్తున్నాను.

మా నాన్న తాపీ పనికి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాడు. 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గాని నాన్న పాత పేరే అంటాడు. విశాఖ రేవులో ఓడ ఎక్కితే నీళ్ళ మీద సుమారు 1,200 కిలోమీటర్లు, రెండు మూడు రోజుల ప్రయాణం. మన శ్రీకాకుళం, విశాఖ వైపు వాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు, తెలుగుతోనే పని జరిగిపోతుందట. ఇష్టం లేకుండా వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. 1922-24లో అల్లూరి సీతారామరాజుతో కలిసి తిరగబడిన మన ఏజెన్సీ మనుషుల్లో కొందరిని తెల్లదొరలు అండమాన్ జైలుకే పంపారు.

2025 దసరా సెలవులకు అమ్మా నేనూ కూర్మన్నపాలెంలో బాబాయి ఇంటికి వెళ్ళాం. మా ఊళ్ళో ఫోను అందదు, అక్కడైతే నాన్నతో మాట్లాడవచ్చని. ఆ సెప్టెంబరులో బ్యారన్ ద్వీపంలో అగ్నిపర్వతం రెండుసార్లు చిన్నగా పేలింది. టీవీలో పొగ చూపించారు. కింద అక్షరాలు చదవలేక అమ్మ కంగారుపడి, "ఏట్రా, అండమాన్ కొండ మండిపోతోందట గదా! మీ నాన్న ఎక్కడున్నాడో ఏటో, చూసి చెప్పరా" అంది. ఫోను చేస్తే కలవలేదు.

నిజం చెప్తున్నాను, అగ్నిపర్వతాలు జపాన్‌లో, ఇటలీలో ఉంటాయి, మనకు లేవు అనుకునేవాణ్ణి. మన దేశంలో ఇప్పటికీ మండుతున్న అగ్నిపర్వతం ఉంది, అది ఇదొక్కటే. బాబాయి కొడుకు అట్లాసు తెచ్చి స్కేలుతో కొలిచాం. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా దాదాపు 135 కిలోమీటర్లు. విశాఖ నుంచి అరకు దాటి వెళ్ళేంత దూరం, అదీ సముద్రం మీద. చిన్న పేలుడు నిప్పు అంత దూరం రాదు. ఆ మాట చెప్పాకే అమ్మ కాస్త కుదుటపడింది.

దీవి ఎంత అంటే, ఈ చివరి నుంచి ఆ చివరికి సుమారు 3 కిలోమీటర్లు. కూర్మన్నపాలెం నుంచి గాజువాక వెళ్ళేంత కూడా కాదు. చుట్టూ గోడలాగా పాత కొండ ఉంటుంది, మధ్యలో పల్లం, పల్లంలో బూడిదతో, నల్లరాళ్ళతో పేరుకున్న ఇంకో కొండ. పెద్ద మూకుడులో పిండి కుప్ప పోసినట్టు అనుకోండి. మూకుడు పడమటి వైపు విరిగి ఉంది. కరిగిన రాయి ఆ సందులోంచే సముద్రంలోకి పారుతుంది. నీటి పైన కనబడే ఎత్తు సుమారు 350 మీటర్లే. దాని అడుగు మాత్రం 2,000 మీటర్లకు పైగా లోతున సముద్రం నేల మీద ఉంది. అంటే మనం దీవి అంటున్నది ఒక పెద్ద కొండకు నెత్తి మాత్రమే.

ఇక అది ఎందుకు మండుతుంది? ఇది నాకు బాబాయి ఇంటి డాబా మీద అర్థమైంది. రాత్రిపూట అక్కడి నుంచి స్టీల్ ప్లాంటు వైపు ఆకాశం ఒక్కోసారి ఎర్రబడుతుంది. బాబాయి లోపల కాంట్రాక్టు పని చేస్తాడు. ఆ ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఇనుప రాయితోపాటు సున్నపురాయి కూడా వేస్తారట. ఎందుకని అడిగాను. "రాయిలో మట్టి ఉంటుంది గదా, అది ఊరికే కరగదు. సున్నం కలిస్తే తక్కువ వేడికే కరిగి స్లాగ్ అయి పైకి తేలుతుంది" అన్నాడు.

భూమి లోపల ఈ సున్నం పని నీళ్ళు చేస్తాయి. మన దేశం ఉన్న పెద్ద రాతి పలక అండమాన్ పక్కన ఇంకో పలక కిందికి మెల్లగా జారిపోతోంది. సముద్రం అడుగున తడిసిన రాయి కాబట్టి తనతో నీళ్ళు తీసుకుపోతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతుకు వెళ్ళేసరికి ఆ నీళ్ళు బయటికి వస్తాయి. పైనున్న రాయి ముందే బాగా కాలి ఉంటుంది గాని కరగదు. నీళ్ళు తగలగానే కరుగుతుంది. నీళ్ళు పోస్తే నిప్పు ఆరాలి గదా, ఇక్కడ తిరగబడింది! కరిగినది తేలిక కాబట్టి పైకి వస్తుంది. ఫర్నేసులో ఇనుము దాదాపు 1,500 డిగ్రీల్లో ఉంటే ఈ లావా 1,100 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ అగ్నిపర్వతాల వరస సుమత్రా నుంచి బ్యారన్ మీదుగా బర్మా దాకా పోతుంది.

ఆ వరసలోనే బ్యారన్‌కు ఉత్తరాన నార్కొండం అనే దీవి ఉంది. అది చల్లారిపోయింది, నిండా అడవి. అక్కడ ఉండే ఒక రకం హార్న్‌బిల్ పక్షి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆ పేరు నరకకుండం నుంచి వచ్చిందని కొందరంటారు. పాత నావికులు మండే దీవి పేరును పక్కదానికి తగిలించేశారేమో అని వాళ్ళ అనుమానం. నాకైతే నిజమే అనిపిస్తుంది.

బ్యారన్ పేలినట్టు మొదట రాసిపెట్టినది 1787లో. అండమాన్‌ను సర్వే చేసిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో అది మండుతుండగా చూశాడు. పోర్ట్ బ్లెయిర్‌కు ఆయన పేరే పెట్టారు. 1800ల తర్వాత కూడా కొన్నిసార్లు పేలి, నూరేళ్ళకు పైగా పడుకుంది. చచ్చిపోయిందనే అనుకున్నారు. 1991 మార్చి నెలాఖరున లేచి ఆరు నెలలు మండింది. 1993లో వెళ్ళి చూసినవాళ్ళకు అక్కడ ఉండాల్సిన 16 రకాల పక్షుల్లో 6 రకాలే కనిపించాయి. తర్వాత 1994-95లో, 2005లో, 2017లో మళ్ళీ మండింది. ఇంత జరిగినా పావురాలున్నాయి, ఎలుకలున్నాయి. ఎప్పుడో ఓడవాళ్ళు వదిలిన మేకలు కూడా బతికాయి. బ్యారన్ అంటే ఇంగ్లీషులో గొడ్డునేల. మేకలు ఒప్పుకోవు.

అమ్మకు ఒక సంగతి నేను చెప్పలేదు. ఆమె ఈ గోడపత్రిక చదవదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఈ కొండను మండించే పలకల జారుడే 2004 డిసెంబరు 26న పెద్ద భూకంపాన్ని, సునామీని తెచ్చింది. అండమాన్ నికోబార్‌లో వేల మంది పోయారు. మన కోస్తాలోనూ చనిపోయారు. బ్యారన్ కొండ 2005 మేలో మళ్ళీ మండింది. టీవీలో కనిపించే పొగ కంటే కనిపించని ఆ జారుడుకే భయపడాలి.

మూడోనాడు నాన్న ఫోను కలిసింది. ముందు అమ్మ మాట్లాడింది, ఏడ్చింది, తిట్టింది. తర్వాత నేను ఫోను తీసుకుని గదిలోకి వెళ్ళి, "నాన్నా, భూమి గట్టిగా కదిలితే సామాను చూసుకోకు, ఎత్తు మీదికి పరిగెత్తు" అన్నాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. "పని చేసే చోటు కొండ మీదేరా" అన్నాడు. పడుకునే చోటు ఎక్కడ అని అడిగాను. రేవు పక్కనట. మకాం మార్చమన్నాను, మేస్త్రీతో మాట్లాడతానన్నాడు.

వచ్చేటప్పుడు బ్యారన్ నుంచి ఒక నల్లరాయి తెమ్మన్నాను, మన సైన్సు గదిలో పెట్టడానికి. అక్కడ ఎవరినీ దిగనివ్వరట, ఓడలోంచి చూసి రావడమేనట.